టేపత్త గీసిన గీతలు

మా మేనత్త ఇంట్లో ఉన్నప్పుడు కూడా మెడలో టేపు వేసుకునే తిరిగేది. పొయ్యి దగ్గర కూర్చున్నా, బట్టలు ఉతుకుతున్నా, వీధి పంపు దగ్గర పోట్లాడుతున్నా ఆ తెల్లటి గుడ్డ టేపు రెండు కొసలూ ఆమె ఛాతీ మీద వేలాడుతూ ఉండేవి. వీధిలో పిల్లలు ఆమెకు టేపత్త అని పేరు పెట్టారు. మెల్లగా పెద్దవాళ్ళూ అలాగే పిలవడం మొదలుపెట్టారు. ఆఖరికి అటవీ ఆఫీసు గుమస్తా కూడా హాజరు వేసేటప్పుడు అసలు పేరు మర్చిపోయి, "టేపత్త వచ్చిందా?" అని అడిగేవాడు. "వచ్చి నీ ఎదురుగానే నిలబడింది, కళ్ళద్దాలు తుడుచుకో" అని అత్త జవాబు చెప్పేది.

ఆమె భర్త, అంటే మా మామయ్య, నాకు ఊహ తెలియకముందే ఇల్లు వదిలి వెళ్ళాడు. కొన్నాళ్ళు బయట పని చూసుకుని వస్తానన్నాడట. ఇంకా రాలేదు. ఆయన వెళ్ళిన ఏడే అత్త చెట్లు కొలిచే పనిలో చేరింది. మా నాన్న పోయాక నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి అత్త దగ్గరికి వచ్చాను. నన్నూ ఆ పనిలోనే పెట్టించింది. మాను చుట్టూ టేపు తిప్పేటప్పుడు ఒక కొస ఆమెది, రెండో కొస నాది. ఆమె అంకె గట్టిగా చెబుతుంది. నేను అదే అంకె తిరిగి చెప్పి రాసుకుంటాను. నలుగురిలో నాకు గొంతు పెగలదు గానీ, అడవిలో అంకెలు మాత్రం కొండకు వినపడేలా చెప్పేదాన్ని. "ఈ పిల్లకి మనుషుల దగ్గర సిగ్గు, మానుల దగ్గర లేదు" అని అత్త నవ్వేది.

పని తేలికే. అడవి మొత్తాన్ని ఎవరూ కొలవలేరు. అందుకని అక్కడక్కడ కొన్ని చోట్లు ఎంచుకున్నారు. అలాంటి చోట మధ్యలో ఒక ఇనుప మేకు భూమిలోకి దిగ్గొట్టి ఉంటుంది. మేకుకి తాడు కట్టి చుట్టూ తిరిగితే ఒక గుండ్రం వస్తుంది. ఆఫీసులో దానికి ఏదో పొడుగాటి పేరుంది, మేం మాత్రం గుండ్రం అనే అనేవాళ్ళం. గుండ్రం లోపల ఉన్న ప్రతి చెట్టునూ ఛాతీ ఎత్తులో కొలవాలి. ఛాతీ ఎత్తు మనిషికో రకంగా ఉంటుంది కాబట్టి, అందరికీ ఒకే ఎత్తున కోసిన కర్ర ఇచ్చారు. నేల వాలుగా ఉంటే కర్రను పై వైపున ఆనించాలి. టేపు వెనకవైపు జారిపోకూడదు. తీగలు పాకి ఉంటే వాటి కిందుగా టేపు దూర్చాలి. కొలత అయ్యాక, సరిగ్గా కొలిచిన చోటే, మాను చుట్టూ పసుపు రంగుతో ఒక గీత గీయాలి. కొన్నేళ్ళకు మళ్ళీ వచ్చినప్పుడు వేలెడు పైనా కిందా కాకుండా అక్కడే కొలవాలి కదా.

అత్త ఆ చెట్లను మేనల్లుళ్ళలా చూసుకునేది. "ఏరా, ఒళ్ళు చేశావే!" అని ఒకదాని వీపు చరిచేది. "నీకేంట్రా రోగం, తిన్నది ఒంటికి పట్టట్లేదా?" అని ఇంకోదాన్ని కసిరేది. గుండ్రంలో మేకలు మేస్తుంటే రాళ్ళు విసిరి తరిమేది. గీత ఉన్న చెట్టును ఎవరూ ముట్టుకోకూడదని చుట్టుపక్కల అందరికీ నేర్పింది కూడా ఆమే. అలా నేర్పమని ఆఫీసు చెప్పలేదు. మళ్ళీ కొలవడానికి వెళ్తే చెట్టు ఉండాలి కదా అని తనకే తోచింది.

మామయ్య తమ్ముడు, మా చిన్నమామ, కలప కంపెనీలో రంపం మేస్త్రీ. చెట్లు కోసే జట్టుకు ఆయనే పెద్ద. ఆయన మా ఇంటికి టీ తాగడానికి వచ్చినప్పుడల్లా అత్త హెచ్చరించేది.

"మరిదీ, గీత ఉన్న చెట్టు మీద నీ రంపం పడిందా, నీ చెయ్యి విరుస్తా."

"నీ మేనల్లుళ్ళ జోలికి నేనెందుకు వస్తా వదినా? ఇద్దరు కూతుళ్ళున్నారు నాకు. మంచి లావుపాటివాణ్ణి చూసి వాళ్ళలో ఒకణ్ణి అల్లుడుగా చేసుకుందామనుకుంటుంటే!"

"నీకు అల్లుడైతే వాడు ఎండిపోతాడు. పద, టీ తాగావుగా."

చిన్నమామ మాట తప్పే మనిషి కాదు. తన జట్టులో కొత్తగా చేరిన ప్రతి ఒక్కడికీ మొదటి రోజే గీత చూపించి, ఇది ముట్టుకుంటే జట్టులో ఉండవు అని చెప్పేవాడు.

ఈ కొలతలన్నీ ఎందుకో నాకు చాలా కాలం తెలియలేదు. తర్వాత ఆఫీసు గోడ మీద ఒక పెద్ద పోస్టరు అంటించారు, అందులో అంతా ఉంది. చెట్టు గాలిలోని పొగను మింగి తన ఒంట్లో కార్బన్‌గా దాచుకుంటుంది. చుట్టుకొలతా ఎత్తూ తెలిస్తే చెట్టు బరువు కట్టొచ్చు. ఆ బరువులో దగ్గర దగ్గర సగం కార్బన్. మన దేశం మిగతా దేశాల ముందు నిలబడి మాట ఇచ్చింది: మా ఫ్యాక్టరీలు ఇంత పొగ వదులుతాయి గానీ మా అడవులు ఇంత మింగుతాయి, ఏటికేడు ఇంకా ఎక్కువ మింగుతాయి అని. ఆ మాటకు రుజువు కావాలి. రుజువు మా గుండ్రాల్లోంచి వెళ్తుంది. నేను ఇదంతా చదివి చెప్పగానే అత్త మొహం వెలిగిపోయింది. ఆ సాయంత్రం టేపును సబ్బు పెట్టి ఉతికి తీగ మీద ఆరేసింది.

"దేశం మాట దీని మీద నిలబడిందటే. మురికిగా ఉంటే బాగుంటుందా?"

ఆ పోస్టరు వచ్చాకే మా వీధికి కష్టాలు మొదలయ్యాయి. ముందుగా అడవి గేటు దగ్గర కాపలా పెట్టారు. మా వీధి ఆడవాళ్ళు ఎప్పటినుంచో అడవిలో రాలిన ఎండు పుల్లలు ఏరుకుని పొయ్యిలోకి తెచ్చుకునేవాళ్ళు. ఇక ముందు తేకూడదన్నారు. ఒక రోజు మేం పని నుంచి వస్తుంటే మూడో ఇంటి అక్కను గేటు దగ్గర ఆపేశారు. ఆమె నెత్తి మీద చిన్న పుల్లల మోపు ఉంది.

"దించమ్మా. రాలిన పుల్లల్లో కూడా కార్బన్ ఉంటుంది. లెక్కలో ఉన్న సరుకు అది," అన్నాడు కాపలావాడు.

"పుల్లల్లో ఏదో ఉంటే నువ్వే ఏరుకో నాయనా. నాకు పుల్లలిస్తే చాలు," అంది అక్క.

అతను నవ్వలేదు. మోపు దింపించి గేటు పక్కన పారేయించాడు. అప్పుడే లోపలి నుంచి కలప లారీ వచ్చింది. ఒక్కో దుంగ ఇద్దరు మనుషులు చేతులు చాచినా అందనంత లావు. కాపలావాడు పరుగున వెళ్ళి గేటు తీసి, లారీ వెళ్ళేదాకా రెక్క పట్టుకుని నిలబడ్డాడు. దుమ్మంతా మా మీద పడింది.

అక్క దుమ్ము తుడుచుకుంటూ, "దాంట్లో లేదా కార్బన్?" అని అడిగింది.

"దానికి అనుమతి ఉంది," అన్నాడు.

అత్త వెళ్ళి పారేసిన మోపు తీసి మళ్ళీ అక్క నెత్తిన పెట్టింది. "నా పేరు రాసుకో. టేపత్త తీయించిందని రాసుకో," అని కాపలావాడికి చెప్పి నడిచింది. అతను రాసుకున్నాడు కూడా.

మా వీధి కొండ వాలు చివర ఉంది. అటవీ కూలీలకని ఎప్పుడో కట్టిన ఇళ్ళు, ఒకదానికొకటి ఆనుకుని ఒకే వరుస. ఇళ్ళ వెనక గోడలకు పైన గట్టు, గట్టు మీద పెద్ద చెట్లు. గట్టుకు అటూ ఇటూ ఉన్న వాలులు రెండూ అప్పటికే కోసేశారు. వెనకటి వానాకాలంలో తూర్పు వాలు మీద నుంచి మట్టి జారి చివరి రెండిళ్ళ వంటగదుల్లోకి దిగింది. అక్కడి వాళ్ళు తలుపులు తీస్తే బురద నడుములోతు ఉంది. పొయ్యి, గిన్నెలు, పిల్లల పుస్తకాలు అన్నీ అందులోనే. గట్టు మీద చెట్ల వేళ్ళు పట్టి ఉంచబట్టే మిగతా ఇళ్ళు నిలిచాయి. ఇది చెప్పడానికి చదువు అక్కర్లేదు, వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

ఆ ఎండాకాలం చిన్నమామ మా ఇంటికి వచ్చి టీ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"ఏంటి మరిదీ, టీలో ఈగ పడిందా?"

"వదినా, ఈసారి గట్టు ఇచ్చారు."

"ఎవరికి?"

"మా కంపెనీకి. ఇంకా సంతకం కాలేదు. అయితే వానలకు ముందే కొట్టేయాలంటున్నారు."

అత్త తిన్నగా ఆఫీసుకు నడిచింది. నేను వెనకే వెళ్ళాను. మా ఆఫీసరు చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. కూర్చోమన్నాడు కూడా. అత్త కూర్చోలేదు.

"గట్టు కోస్తే మా ఇళ్ళ మీద పడుతుంది సార్. రెండు వాలులూ బోడిగా చేశారు. ఇంకా ఏం మిగిలిందని ఇస్తున్నారు?"

"బోడి అనకూడదమ్మా. అది అడవే," అన్నాడు ఆఫీసరు. కంప్యూటర్ మా వైపు తిప్పాడు. ఆకాశం నుంచి తీసిన ఫోటో. వాలులు రెండూ పచ్చగానే ఉన్నాయి. చెట్లు పోయాక మొద్దుల మీద అల్లుకున్న పిచ్చి తీగల పచ్చదనం అది.

"ఇందులో చెట్టెక్కడుంది సార్?"

"ఇప్పుడు లేదు. మళ్ళీ పెరుగుతుంది. లెక్కల్లో దాన్ని తాత్కాలికంగా చెట్లు లేని అడవి అంటారు. అడవి కిందే లెక్క."

"సార్, నా మొగుడు కూడా తాత్కాలికంగానే వెళ్ళాడు. నా తల నెరిసింది. మీ లెక్కలో నేను కాపురం చేసుకుంటున్నట్టేనా?"

పక్క బల్ల దగ్గర గుమస్తా కిసుక్కున నవ్వి, ఆఫీసరు చూడగానే దగ్గాడు. ఆ రోజు నుంచి మా వీధిలో ఆఫీసరుకు తాత్కాలికం సారు అనే పేరు స్థిరపడింది.

తాత్కాలికం సారు కోపం తెచ్చుకోలేదు. "చూడమ్మా, నేను నా ఇష్టం వచ్చినట్టు ఇవ్వడం లేదు. రాజధాని నుంచి మేడం వస్తారు. నువ్వు కొలిచిన గుండ్రాలే మళ్ళీ కొలిచి చూస్తారు. అడవి తగ్గిందని తేలితే గట్టు ఇవ్వను. పెరిగిందని తేలితే ఇస్తాను. న్యాయమేగా?" అన్నాడు.

అత్తకు అది న్యాయంగానే తోచింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆమె నడక తేలికపడింది. "కొలవనీ. కళ్ళు పొరపడతాయేమో గానీ టేపు పొరపడదు. మేడం వచ్చి కొలిస్తే అన్నీ బయటపడతాయి," అంది. మూడో ఇంటి అక్కకు చెప్పింది, పంపు దగ్గర అందరికీ చెప్పింది. మేడం వచ్చేదాకా వీధంతా ఆమె మాట మీదే ధైర్యంగా ఉంది.

మేడం వచ్చారు. వయసులో చిన్నావిడే. బూట్లకు మట్టి అంటుతుందని చూసుకునే రకం కాదు. నేను తీగల్లో కాలు ఇరుక్కుని పడబోతే చెయ్యిచ్చి లేపారు. మా ఇద్దరినీ, తాత్కాలికం సారునీ వెంటబెట్టుకుని తూర్పు వాలు ఎక్కారు. వాలు పొడుగునా మొద్దులే. కొన్నింటి మీద కోసిన చోట జిగురు ఇంకా మెరుస్తోంది. అలా నడుస్తూ నడుస్తూ ఉండగా ఒక్కసారిగా ఎదురుగా మా గుండ్రం కనిపించింది. గొరిగిన తల మీద మంగలి మర్చిపోయిన జుట్టు కుచ్చులా, పసుపు గీతలు పెట్టుకుని, నిటారుగా, నిండుగా నిలబడి ఉంది.

అంతకుముందు కోతలు జరుగుతున్నప్పుడు మేం వేరే వైపు కొలతల్లో ఉన్నాం. కోత పూర్తయ్యాక ఆ వాలు ఎక్కడం మాకు అదే మొదలు. అత్త ఆగిపోయింది.

ముందు అత్త కొలిచి నాతో రాయించింది, తర్వాత మేడం తన టేపుతో కొలిచారు. అత్త రాయించిన అంకెలు, మేడం అంకెలు ఒకదానితో ఒకటి అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. రెండో గుండ్రంలోనూ అంతే. మూడో దానిలోనూ అంతే. చుట్టూ ఎడారి, మధ్యలో కళకళలాడుతున్న చెట్లు. అన్నీ వెనకటికంటే లావెక్కాయి. పక్కన చెట్లు పోయాక ఎండా నీరూ అంతా వాటికే దక్కింది మరి.

మేడం అత్త భుజం మీద చెయ్యి వేసి, "ఇంత శుభ్రంగా కొలిచేవాళ్ళను నేను చాలా తక్కువ చూశానమ్మా. ఎక్కడా తేడా లేదు," అన్నారు.

"చాలా సంతోషం," అన్నాడు తాత్కాలికం సారు. "అంటే అడవి పెరిగినట్టే కదా మేడం?"

"గుండ్రాల ప్రకారం పెరిగినట్టే."

అత్త భుజం మీద చేతిని మెల్లగా తప్పించుకుంది. "అమ్మా, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. ఈ మొద్దులు కొలవరా?"

"గుండ్రం బయట నేను కొలవకూడదమ్మా."

"మరి బయట ఏముందో ఎవరికి తెలుస్తుంది?"

మేడం ఇబ్బందిగా చూశారు. "లోపల ఎలా ఉందో బయటా అలాగే ఉంటుందన్న నమ్మకం మీదే మొత్తం లెక్క నడుస్తుంది. ఇక్కడ అలా లేదని నాకూ కనిపిస్తోంది. పైవాళ్ళతో ఒక మాట అంటాను. కానీ నేను పంపేది అంకెలే. కళ్ళతో చూసింది రాయడానికి అందులో చోటు లేదు." ఆపైన అడిగారు. "గుండ్రాలను అసలు ఎవరూ ప్రత్యేకంగా చూసుకోకూడదు. చుట్టుపక్కల ఏది జరిగితే అదే వీటికీ జరగాలి. మీకు ఎవరూ చెప్పలేదా?"

అత్త తాత్కాలికం సారు వైపు చూసింది. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.

దిగేటప్పుడు దారిలో చిన్నమామ జట్టు భోజనాలు చేస్తూ కనిపించింది. అత్త నేరుగా ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఆ వాలంతా గొరిగి పారేసి, నా గుండ్రాలు మాత్రం ఎందుకు వదిలేశావు?"

చిన్నమామ ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "అదేంటి వదినా? ముట్టుకుంటే చెయ్యి విరుస్తానన్నది నువ్వేగా! ఒక్కదానికి గాటు కూడా పడనివ్వలేదు. కావాలంటే వెళ్ళి చూసుకో," అన్నాడు, మెచ్చుకుంటుందేమో అని ఎదురుచూస్తూ.

ఇంటికి వచ్చి అత్త టేపు తీసి మేకుకు తగిలించింది. టేపు ఉతికిన ఆ ఒక్క సాయంత్రం తప్ప, మెడలో అది లేకుండా ఆమెను ఇంట్లో నేను చూడటం అదే మొదలు. గుమ్మంలో కూర్చుని గట్టు వైపు చూస్తూ, "నా చేత్తో నేనే చేశానే," అంది. "గీత గీసి, ముట్టుకోకు అన్నాను. అంటే మిగతావి ముట్టుకో అని చెప్పినట్టే కదా." నేనేదో ఓదార్చబోయాను. ఆమె వినలేదు. ఆమె గొంతులో ఏడుపు లేదు, మంట ఉంది. "కొలిచింది నిజం. టేపు నిజం. అంకె నిజం. అన్ని నిజాలూ కలిపి ఇంత పచ్చి అబద్ధం ఎలా అయిందే? నేను చదువుకోలేదు, నాకు తెలియలేదు. చదువుకుని బల్ల ముందు కూర్చున్నవాడికి ఏం రోగం? వాడు ఒక్కసారి కొండెక్కి చూస్తే కాళ్ళు అరిగిపోతాయా? పుల్లలు ఏరుకుంటే పేరు రాసుకుంటారు. కొండను గొరిగితే తాత్కాలికమా?"

ఈ మాటలు ఆఫీసులో అంటే మాత్రం ఎవరు వింటారు?

గట్టుకు సంతకం అయిందనీ, సోమవారం నుంచి కోత అనీ చిన్నమామ కబురు పంపాడు.

ఆదివారం పొద్దున్నే అత్త ఆఫీసు గోడౌను తాళం తీసింది. రంగు డబ్బాల తాళం చెవి ఎప్పుడూ ఆమె దగ్గరే ఉండేది. పసుపు రంగు డబ్బాలన్నీ బయటపెట్టి, వీధిలో ఆడవాళ్ళను పిలిచింది. మూడో ఇంటి అక్క, బురద దిగిన ఇళ్ళ తోడికోడళ్ళు, ఇంకా చాలామంది వచ్చారు. ఇంట్లో ఉన్న పాత కుంచెలు, కుంచెలు లేనివాళ్ళు గుడ్డ చుట్టిన పుల్లలు తెచ్చారు. అందరం పట్టపగలే గట్టు ఎక్కాం. రంపానికి పనికొచ్చే లావున్న ప్రతి చెట్టుకూ, చుట్టూ ఒక పసుపు గీత. కర్ర పట్టుకుని ఎత్తు చూపించే పని నాది.

"అక్కా, నీ గీత పామును చూసి గీసినట్టుంది. సరిగ్గా గియ్యి!" అని అత్త అరిచింది.

"నేనేమన్నా పెళ్ళిపీట మీద ముగ్గేస్తున్నానా? గీత అంటే గీతే!"

"వంకరగా ఉంటే మా మరిది నమ్మడు. వాడికి నా గీత తెలుసు. తుడిచి మళ్ళీ గియ్యి."

"తుడిస్తే పోవట్లేదే తల్లీ, నా చేతికే అంటుకుంది. రేపు నన్ను కూడా కొయ్యరు, అదొకటి లాభం!"

ఆ నవ్వులు గట్టు కిందిదాకా వినిపించి ఉంటాయి. మధ్యలో ఒక చోట అత్త తన పాత గుండ్రంలోని చెట్టు ముందు ఆగి, దాని మీద వెలిసిన గీతకు కొత్త రంగు పూసింది. "నువ్వు ఒక్కడివే బతికితే ఏం లాభం రా," అంది దానితో.

సోమవారం చిన్నమామ జట్టు రంపాలు భుజాన వేసుకుని వచ్చింది. మేమంతా గట్టు మొదట్లో నిలబడి ఉన్నాం. ఆయన మొదటి చెట్టు దగ్గరికి వెళ్ళాడు, గీత. పక్క చెట్టు, గీత. ఇంకా పైకి వెళ్ళాడు. కనుచూపు మేర గీతలే. అక్క గీసిన వంకర గీత దగ్గర నిలబడి తలొంచి చూశాడు. అది అత్త చెయ్యి కాదని ఆయనకు తెలియకుండా ఉండదు. తిరిగి వచ్చి మొద్దు మీద కూర్చుని రంపం పక్కన పెట్టాడు.

"ఏంటి మేస్త్రీ, మొదలుపెట్టమా?" అని జట్టులో ఒకడు అడిగాడు.

"దేన్ని మొదలుపెడతావురా? అన్నీ మా వదిన మేనల్లుళ్ళే. రాత్రికి రాత్రి పుట్టుకొచ్చారు," అని బీడీ తీశాడు. "నియమం అంటే నియమం. గీత చెట్టు ముట్టుకున్నవాడు నా జట్టులో ఉండడు. పోయి సారును పిలుచుకురండి."

తాత్కాలికం సారు రొప్పుతూ వచ్చాడు. ఆయన గొంతు పెరగడం నేను మొదటిసారి విన్నాను.

"ఇది నేరం తెలుసా? ప్రభుత్వ కొలతలు పాడుచేశావు! ఇందులో అసలు గీతలు ఏవి?"

"అన్నీ అసలువే సార్. అన్నింటికీ అదే రంగు, అదే కర్ర."

"లెక్కలో ఉన్న చెట్లు ఏవని అడుగుతున్నా! వాటిని కోస్తే అంకె పడిపోతుంది!"

"అదే మాట నేనూ మిమ్మల్ని అడిగాను సార్. అప్పుడు మీరు చెప్పలేదు."

ఆయన ఒక యంత్రం తెప్పించాడు. మనం భూమ్మీద ఎక్కడ నిలబడ్డామో అది చెబుతుందట. అది గుండ్రం ఏ వైపుందో చెప్పింది గానీ, ఏ చెట్టు దాని లోపలిదో చెప్పలేకపోయింది, ఇంట్లో ఏ గదో చెప్పి ఏ పీటో చెప్పలేనట్టు. ఇనుప మేకులు ఆకుల కింద, మట్టి కింద ఎక్కడో ఉన్నాయి. ఆయన మనుషులు రోజులతరబడి తవ్వి చూశారు. అత్తను చూపించమన్నారు. "గట్టు మొత్తాన్ని లెక్కలో రాస్తే చూపిస్తా," అంది. ఆమెను పనిలోంచి తీసేశారు. ఆమెతో పాటు నన్నూ తీసేశారు. టేపు ప్రభుత్వానిది కాబట్టి అప్పగించమన్నారు. ఇంట్లో మేకుకు తగిలించి ఉన్న టేపును అత్త చక్కగా చుట్టి, గుమస్తా చేతిలో పెట్టింది. ఆ గుమస్తా తలెత్తి ఆమెను చూడలేకపోయాడు.

మేడం మళ్ళీ రావలసి వచ్చింది. గట్టు మీది గుండ్రాలు చెడిపోయాయి, కొత్తవి వేసి కొలిచేదాకా ఆ అంకెలు వాడకూడదు అని ఆవిడ తేల్చి వెళ్ళారు. దానికి మాత్రం ఆవిడ కాగితంలో చోటు ఉందట. అంకె లేకపోయేసరికి గట్టు మీది కోత ఆగింది. ఆగి ఉండగానే వానలు వచ్చాయి. మా వెనక గోడల మీద నీళ్ళు కారాయి గానీ మట్టి దిగలేదు.

ఇక్కడితో ఆపితే బాగుంటుంది. కానీ అబద్ధం అవుతుంది. గట్టు మీది గుండ్రాలను మాత్రమే లెక్కలోంచి తీశారు. వాలుల మీది గుండ్రాలు, ఆ కుచ్చులు, అలాగే లెక్కలోకి వెళ్ళాయి. ఇంకెన్ని కొండల మీద, ఇంకెందరు టేపత్తలు, ఎంత ప్రేమగా కాపాడిన కుచ్చులు వాటితో కలిశాయో నాకు తెలియదు. మొన్న అడవి గేటుకు కొత్త పోస్టరు అంటించారు. మా అడవులు పెరిగాయి, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాం అని పెద్ద అక్షరాలు. కింద చేతులు కట్టుకుని నవ్వుతున్న పెద్దమనుషులు. వాళ్ళ వెనక అడవి.

మేం ఇప్పుడు బట్టల కుట్టు పనికి వెళ్తున్నాం. అత్త మెడలో మళ్ళీ టేపు ఉంది, దర్జీ టేపు. పనికి వెళ్తూ గేటు దగ్గర ఆగింది. "ఏం రాశారే, చదువు," అంది. చదివాను. ఆమె పోస్టరుకు మొహం దగ్గరగా పెట్టి, ఆ పెద్దమనుషులను దాటి, వెనకాల చెట్లను చూసింది.

"ఇది మన గట్టే."

నిజమే. మంచి చెట్లున్న చోటు కావాలని వెతికి, మా గట్టు మీద నిలబడి తీయించుకున్నట్టున్నారు. ప్రతి చెట్టుకూ పసుపు గీత.

"మీ అక్క వంకర గీత కూడా పడింది చూడు," అంది అత్త. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. గీత మీద వేలు పెట్టి రుద్దింది, కాగితం మీద కాదు, చెట్టు మీదే రుద్దుతున్నట్టు. "రంగు అప్పుడే వెలిసిపోతోందే. ఈ వానలకు సగం పోతుంది. మళ్ళీ పూయాలి."

"రంగు ఎక్కడిది అత్తా? గోడౌను తాళం లేదుగా."

"అదే ఆలోచిస్తున్నా," అని నడక మొదలుపెట్టింది. నాలుగడుగులు వేసి, కాపలావాడి ముందు ఆగి, "నా పేరు ఉందా నీ దగ్గర? కొట్టేయకు, మళ్ళీ పనికొస్తుంది," అని చెప్పి ముందుకు సాగింది.